భాయిజాన్ పళ్ల హిసాబు

పోయిన జుమ్మా నాడు అసర్ నమాజు అయ్యాక మా గల్లీ చివర ఉండే ఒక చెల్లెలు ఇంటికొచ్చింది. చేతిలో ఫోను, ముఖం నిండా ఖుషీ. "ఆపా, మా ఆయన కువైట్ నుంచి నెల ఛుట్టీ మీద వస్తున్నాడు. నాలుగు పళ్లు లేవు గదా, ఈసారి ఇంప్లాంట్లు పెట్టించుకుని పోతానంటాడు. అక్కడైతే చానా ఖర్చంట. మీ భాయిజాన్ ఇక్కడే పెట్టించుకున్నాడు గదా, ఎంతైంది?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పన్నుకు ముప్పై రెండు వేలు అని చెప్పొచ్చు. అది ఝూట్ కాదు. మొత్తం మూడు లక్షల తొంభై ఎనిమిది వేలు అని కూడా చెప్పొచ్చు. అదీ ఝూట్ కాదు. ఈ రెండు అంకెల మధ్య ఏడాదిన్నర కాలం ఉంది. ఒక రంజాన్ ఉంది. అమ్మీ ఉమ్రా ఉంది.

"కూర్చోమ్మా, చాయ్ పెడతా" అన్నాను. ఆమెకు చెప్పిందంతా ఇక్కడ కూడా రాస్తున్నా. గల్ఫ్ లో మనిషి లేని ముస్లిం ఇల్లు మా కడప జిల్లాలో వెతికినా దొరకదు. ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

మా భాయిజాన్ కువైట్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఒక కంపెనీలో డ్రైవరు. హసావియాలో ఒక గదిలో ఆరుగురు ఉంటారు. మా ఊరి వాళ్లు, రాయచోటి వాళ్లు, రాజంపేట వాళ్లు. పొద్దున ఫజర్ కు లేస్తే రాత్రి ఇషా దాటాక గదికి చేరేది. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికి నిద్ర పోగొట్టేది చాయే. చక్కెర దట్టంగా వేసిన కరక్ చాయ్, రోజుకు ఏడెనిమిది కప్పులు. ఆ చాయే షుగర్ తెచ్చింది, ఆ చాయే దాఢలు తీసుకుపోయింది.

మొదటి దాఢ నొప్పి చేసినప్పుడు ఆయన పనాడాల్ మింగాడు. నొప్పి తగ్గింది. పన్ను తగ్గలేదు, లోపల కుళ్లుతూనే ఉంది. రూట్ కెనాల్ చేసి క్యాప్ పెట్టిస్తే పన్ను నిలిచేది. దానికి మూడు నాలుగు సార్లు క్లినిక్కుకు పోవాల. డ్రైవరుకు నాలుగు పూటలు సెలవు ఎవరిస్తారు? పీకించుకుంటే ఒక్క పూటలో పని అయిపోతుంది. అట్లా పదేళ్లలో కింది దవడలో మూడు దాఢలు పోయాయి. ఎడమ పక్క రెండు, కుడి పక్క ఒకటి. అసలు ఖర్చు మొదలైంది అక్కడే అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అది ఆదా లాగా కనిపించింది.

2022 చివర్లో భాయిజాన్ పెద్ద కూతురి నిఖా ఖరారైంది. 2023 ఫిబ్రవరి 19, ఆదివారం. వీడియో కాల్ లో భాయిజాన్ నవ్వుతూ చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాను. "క్యా భాయ్, బేటీ షాదీ మే భీ ఐసాచ్ హస్తే క్యా?" అని నేనే ఎగతాళి చేశాను. ఆ ఎగతాళి దగ్గర్నుంచే ఈ కథంతా నడిచింది.

ఆయన అక్కడ ఒక క్లినిక్కులో అడిగాడు. పన్నుకు 380 దీనార్లు, అన్నీ కలిపి. మూడింటికి 1,140. అప్పట్లో దీనారు 270 రూపాయలు. అంటే మన డబ్బుల్లో 3,07,800. నేను ఇక్కడ ఒక పెద్ద ఊళ్లో పేరున్న క్లినిక్కుకు ఫోన్ చేశాను. పేరు రాయను, గీబత్ నాకొద్దు. పన్నుకు 32,000, మూడింటికి 96,000 అన్నారు. నోట్ బుక్కు తీసి రెండు అంకెలూ పక్కపక్కన రాశాను. తేడా 2,11,800. ఆ రాత్రి నాకు ఎంత ఖుషీ అయిందో! భాయిజాన్ కు రెండు లక్షలు మిగిల్చిన చెల్లెల్ని గదా నేను. అబ్బా దుకాణం నడిపిన రోజుల నుంచీ ఇంటి హిసాబు రాసేది నేనే. అందరూ నన్ను మున్షీ అని పిలిచేవాళ్లు. ఆ మున్షీ ఆ రాత్రి రాసిన హిసాబు పూర్తిగా తప్పు.

పరదేశంలో వైద్యం అంటే మనకు అమెరికా, లండన్ గుర్తుకొస్తాయి. అమెరికా వాళ్లు చవకని మెక్సికో పోతారు. అక్కడ లోస్ ఆల్గొడోనెస్ అని సరిహద్దు పక్కన చిన్న ఊరుంది, దానికి దాఢల పట్నం అని పేరే పడిపోయింది. ఇంగ్లాండు వాళ్లు హంగరీకీ టర్కీకీ పోతారు. అయితే కువైట్ లో బతికే మన మనిషికి కడపే పరదేశం. మనసుకు సొంతూరే కావచ్చు, పన్నుకు మాత్రం పరదేశమే. పని చేసిన డాక్టర్ ఒక ఒడ్డున, పన్ను ఇంకో ఒడ్డున ఉండిపోతాయి. మధ్యలో సముద్రం. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు.

జనవరి 29న భాయిజాన్ చెన్నైలో దిగాడు. ఛుట్టీ ముప్పై రోజులు. పందిరి, పత్రికలు, దావత్, బంగారం అన్నీ ఆ ముప్పై రోజుల్లోనే. ఫిబ్రవరి 1న క్లినిక్కుకు తీసుకుపోయాను. ఏసీ గది, గోడ మీద పెద్ద టీవీ, అందులో తెల్లటి పళ్లతో నవ్వే గోరాలు. స్కాన్ తీయాలన్నారు. 3,500. "అదీ కలిపి కాదా?" అన్నాను. "మేడమ్, ప్యాకేజీ అంటే ఇంప్లాంటుకు మాత్రమే" అన్నారు. ఎడమ పక్క ఎముక పల్చబడింది, గ్రాఫ్ట్ వేయాలన్నారు. 14,000. మామూలు క్యాప్ అయితే ప్యాకేజీలో ఉంది, జిర్కోనియా అయితే పన్నుకు ఇంకో ఆరు వేలు, అదే మేలన్నారు. 18,000. మందులూ, నాలుగు సార్లు కారు బాడుగా కలిపి 11,500. చివరికి తేలింది 1,43,000. అయినా కువైట్ లెక్కలో సగం కంటే తక్కువే గదా అనుకున్నాం.

ఇక్కడ కొంచెం ఆగి, ఇంప్లాంటు అంటే ఏమిటో చెబుతా. నాకూ తర్వాతే తెలిసింది. మనం పన్ను అనుకునేది మూడు ముక్కలు. ఎముకలో దిగేది టైటానియం స్క్రూ. దాని మీద కూర్చునేది అబట్ మెంట్. ఆ పైన మనకు కనిపించేది క్యాప్. ఎవరైనా ఇంప్లాంటు ధర చెబితే ఈ మూడింటిలో దేని ధర చెబుతున్నారో అడగాల. కొన్ని చోట్ల చెప్పేది ఒక్క స్క్రూ ధరే.

1952లో స్వీడన్ లో బ్రానెమార్క్ అనే డాక్టర్ కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన ఒక చిన్న పరికరం పెట్టి పరిశోధన చేశాడంట. పని అయ్యాక తీద్దామంటే అది రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. ఆ తర్వాత 1965లో మొదటిసారి ఒక మనిషి నోట్లో ఆ పద్ధతిలో పళ్లు నిలబెట్టాడు. అంటే ఇంప్లాంటును నిలబెట్టేది డాక్టర్ చెయ్యి ఒక్కటే కాదు, అల్లాహ్ మన ఎముకకు ఇచ్చిన గుణం. ఆ గుణం తన పని చేయడానికి టైమ్ అడుగుతుంది. మామూలుగా కింది దవడలో మూడు నాలుగు నెలలు. పై దవడ ఎముక మెత్తన, అక్కడ ఆరు నెలలదాకా పట్టొచ్చు. గ్రాఫ్ట్ వేస్తే ఇంకా ఎక్కువ. మన చేతిలో ఉన్నవి ముప్పై రోజులు.

స్క్రూలు వేసి, పళ్లు మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టర్ చెప్పబోతుంటే నేనే అడ్డం పడ్డాను. "సార్, 19న షాదీ. అప్పటికి పళ్లుండాల." డాక్టర్ కొంచెం ఆలోచించాడు. స్క్రూలు గట్టిగానే దిగాయి, కొందరికి వెంటనే క్యాపులు పెడతాం, చూద్దాం అన్నాడు. వెంటనే పళ్లు పెట్టే పద్ధతి ఒకటి ఉంది. అది అబద్ధం కాదు. అయితే అది అందరికీ కాదు. ఎముక దిట్టంగా ఉండాల, షుగర్ అదుపులో ఉండాల, ఆ పన్ను మీద కొన్నాళ్లు బరువు పడకూడదు. భాయిజాన్ ఎడమ పక్క గ్రాఫ్ట్ వేసిన దాఢ. షుగర్ గురించి ఫారంలో ఒక గడి ఉంది. భాయిజాన్ అందులో "లేదు" అని టిక్ పెట్టాడు. నేను పక్కనే కూర్చున్నాను. చూశాను. నోరు తెరవలేదు. షుగర్ ఉందంటే పని ఆపుతారేమో, షాదీకి పళ్లు రావేమో అని ఇద్దరం అనుకున్నాం. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష రాయించమని వాళ్లూ అడగలేదు. తప్పు ఒక్కరిది కాదని అందుకే అంటున్నా.

ఫిబ్రవరి 10న క్యాపులు పెట్టారు. భాయిజాన్ అద్దంలో చూసుకుని చిన్న పిల్లాడిలా నవ్వాడు. ఇంటికి రాగానే అమ్మీ అడిగిన మొదటి మాట, "గుసుల్ హోతా క్యా రే ఇస్కే సాత్?" మా మసీదు ఇమామ్ సాబ్ ను అడిగాం. ఎముకలో గట్టిగా నాటిన పన్ను సొంత పన్ను లాంటిదే, తీయాల్సిన పని లేదు, వజూకూ గుసుల్ కూ అడ్డం కాదన్నాడు. అమ్మీ నెమ్మదించింది. ఆ మాటతోనే దస్తర్ ఖాన్ పరిచింది.

నిఖా అల్హందులిల్లాహ్ బాగా జరిగింది. ఫోటోల్లో భాయిజాన్ నోరారా నవ్వుతున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. మరుసటి రోజు వలీమాలో మా వియ్యంకుడు మూలుగు బొక్క ఒకటి తీసి ఆయన ప్లేటులో పెట్టాడు. భాయిజాన్ దాన్ని ఎడమ దవడకు పెట్టి కొరికాడు. అది స్క్రూ వేసిన మూడో వారం.

తర్వాత ఇంకో డాక్టర్ ఈ మూడో వారం సంగతి నాకు విడమరచి చెప్పాడు. స్క్రూ వేసిన రోజు పాత ఎముక దాన్ని బిగించి పట్టుకుంటుంది. అందుకే మొదట్లో రాయిలా అనిపిస్తుంది. తర్వాత చుట్టూ ఉన్న ఆ పాత ఎముక కొంచెం కొంచెం కరుగుతుంది, కొత్త ఎముక ఇంకా పుట్టి ఉండదు. ఆ మధ్య కాలంలో, రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, పట్టు అన్నిటికంటే తక్కువ. అప్పుడు స్క్రూ కదిలితే దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తటి కండ అల్లుకుంటుంది. ఇక అది ఎప్పటికీ అతుక్కోదు. షుగర్ ఉంటే గాయం ఆరడం ఇంకా ఆలస్యం, చీము పట్టే ఖత్రా ఎక్కువ. "మీ అన్నకు వేసిన చెయ్యి చెడ్డది కాదమ్మా, మిగతా రెండూ చక్కగా నిలిచాయి. టైమే చెడ్డది" అన్నాడు ఆయన.

ఫిబ్రవరి 27న భాయిజాన్ వెనక్కి పోయాడు. మార్చి నాలుగో వారంలో రంజాన్ వచ్చింది. మొదటి అష్రా అయిపోయే సరికి ఎడమ పక్క ముందు దాఢ దగ్గర చిగురు ఉబ్బింది. వేలితో తాకితే పన్ను ఊగుతోంది. ఎవరికీ చెప్పలేదు. సహరీకి రొట్టెను చాయ్ లో ముంచుకుని మింగడం, ఇఫ్తార్ కు హరీస్, షోర్బా. జ్వరంతోనే రోజాలున్నాడు. ముసాఫిర్ కూ రోగికీ రుఖ్సత్ ఉంది గదా భాయ్ అంటే, "బీమార్ కహా హూ? దాఢ్ హీచ్ తో హై" అన్నాడు. అది కూడా ఈద్ తర్వాత చెప్పిన మాట. అప్పటిదాకా వీడియో కాల్ లో చెంప మీద చెయ్యి మళ్లీ వచ్చింది. నేను గమనించి కూడా అలవాటేమో అనుకున్నాను.

ఈద్ అయ్యాక కువైట్ లో ఒక క్లినిక్కుకు పోయాడు. వాళ్లు అడిగిన మొదటి సవాల్, "ఇది ఏ కంపెనీ ఇంప్లాంటు? సైజు ఎంత?" భాయిజాన్ దగ్గర జవాబు లేదు. మా దగ్గర బిల్లు ఉంది, గ్యారంటీ కార్డు ఉంది. గ్యారంటీ కార్డు మీద క్లినిక్కు పేరు బంగారు అక్షరాల్లో ఉంది, స్క్రూ పేరు లేదు. లోకంలో ఈ స్క్రూలు చేసే కంపెనీలు వందల్లో ఉన్నాయంట. ఒకదాని లోపలి గాడి ఇంకోదానికి సరిపోదు, ఒకదాని తాళం చెవి ఇంకోదానికి పట్టదు. కుడి పక్క క్యాప్ కూడా కొంచెం వదులైంది. దాన్ని బిగించడం ఐదు నిమిషాల పనే. సరైన చెవి లేక వాళ్లు ముట్టుకోలేదు. ఎడమ పక్క శుభ్రం చేసి, ఎక్స్ రే తీసి, మందులిచ్చి పంపారు. 85 దీనార్లు. 22,950 రూపాయలు.

ఇక్కడి క్లినిక్కుకు నేను ఫోన్ చేశాను. "పేషెంట్ ను తీసుకురండి మేడమ్, లైఫ్ టైమ్ గ్యారంటీ ఉంది, ఫ్రీగా చేస్తాం" అన్నారు. మర్యాదగానే మాట్లాడారు. కానీ ఆ ఫ్రీ పనికి విమానం టికెట్ ఎవరిస్తారు? స్క్రూ పేరైనా చెప్పండని వారం రోజులు వెంటపడితే, డబ్బా మీద ఉండే స్టిక్కర్ ఫోటోలు రెండింటివి పంపారు. మూడోది దొరకలేదన్నారు. ఆ దొరకనిదే ఊగుతున్నది.

జులైలో భాయిజాన్ రావాల్సి వచ్చింది. కంపెనీ టికెట్ ఫిబ్రవరిలోనే వాడేశాడు. వేసవిలో ధర మండిపోతుంది, రానూపోనూ 145 దీనార్లు. 39,150. ఛుట్టీ లేదు, జీతం కోతతో ఇరవై ఐదు రోజులు. పోయింది 210 దీనార్లు. 56,700. ఆ క్లినిక్కుకు మళ్లీ పోవడానికి ఆయన ఒప్పుకోలేదు. నాకూ ముఖం చెల్లలేదు, ఫారంలో మేం రాసిన అబద్ధం అక్కడే ఉంది గదా. ఇంకో డాక్టర్ దగ్గరికి పోయాం. ముందు రక్తపరీక్ష రాశాడు. మూడు నెలల సగటు 9.1 వచ్చింది. ఏడుకు దగ్గరకు తేకుండా కొత్త పని ఏదీ చేయనన్నాడు. ఊగుతున్న స్క్రూ తీశాడు. పెద్దగా కష్టపడలేదు, వేళ్లతో తిప్పితే వచ్చేసింది. లోపల శుభ్రం చేసి మళ్లీ గ్రాఫ్ట్ వేశాడు. కుడి పక్క క్యాప్ బిగించాడు. 28,000. బాడుగలకు ఇంకో 6,000.

ఆ స్క్రూను చిన్న కవర్ లో వేసి మా చేతికిచ్చాడు. గోరంత ఉంది. నేను దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆ గుంట పూడ్చుకోవడానికి మళ్లీ ఇక్కడ ఇంప్లాంటు వేయించుకుంటే ఇంకో రెండు సార్లు రావాల. స్క్రూకు ఒకసారి, క్యాప్ కు ఒకసారి. టికెట్లు, జీతం కోత లెక్క కడితే ఇక్కడి చవక అంతా గాలిలోనే కరిగిపోతుంది. చివరికి భాయిజాన్ ఏడాది పాటు షుగర్ తగ్గించుకుని, కరక్ చాయ్ ను చక్కెర లేని సులేమానీగా మార్చుకుని, 2024లో ఆ ఒక్క పన్నూ కువైట్ లోనే పెట్టించుకున్నాడు. 380 దీనార్లు, మొదట్లో వాళ్లు చెప్పిన ధరే. 1,02,600. స్క్రూ వేశాక నాలుగు నెలలు ఆగి క్యాప్ పెట్టారు. ఒక్క పూట కూడా పని మానలేదు, పని ముగించుకుని రాత్రిపూట పోయేవాడు.

మొత్తం కూడితే 3,98,400. మూడు పళ్లూ మొదటే కువైట్ లో పెట్టించుకుని ఉంటే 3,07,800. రెండు లక్షలు మిగిల్చానని మురిసిపోయిన మున్షీ తొంభై వేల ఆరువందలు నష్టం తెచ్చింది.

ఇంకో ఖర్చుంది, అది నా నోట్ బుక్కులో లేదు. అమ్మీ ఉమ్రాకని 1,20,000 పక్కన పెట్టి ఉంచాం. 2023 రబీవుల్ అవ్వల్ లో అమ్మీ ఇక్కడి జమాత్ తో చెన్నై నుంచి, భాయిజాన్ కువైట్ నుంచి బస్సులో. మక్కాలో కలుసుకోవాలని పథకం. జులై టికెట్టుకూ, జీతం పోయిన నెల ఇంటి ఖర్చుకూ ఆ డబ్బే వాడాం. అమ్మీకి గ్రూపు వాళ్లు తారీఖు మార్చారని చెప్పాం. అమ్మీకి తెలుగు చదవడం రాదు, ఉర్దూ మాత్రమే చదువుతుంది. అంకెలు మాత్రం చదువుతుంది. ఒకరోజు నా నోట్ బుక్కు తెరిచి ఆ చివరి అంకె మీద వేలు పెట్టి, "ఏ క్యా హై మున్నీ?" అంది. "షాదీ ఖర్చా అమ్మీ" అన్నాను. అమ్మీ నా వైపు చూసి, పుస్తకం మూసి, తస్బీహ్ తీసుకుంది. ఆమెకు తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. కొడుకు రొట్టెను చాయ్ లో ముంచుకుని తినడం జులైలో ఆమె చూసింది గదా.

2024 అక్టోబర్ లో అమ్మీ ఉమ్రాకు పోయింది. అప్పటికి మోకాళ్లు పూర్తిగా వంగడం మానేశాయి. 2023లో ఆమె రోజూ బజారుకు నడిచిపోయేది. సఫా మర్వా మధ్య తన కాళ్ల మీద నడవాలని ఏళ్లుగా దువా చేసింది. వీల్ చైర్ లో చేసింది. భాయిజానే తోశాడు. తిరిగొచ్చాక, "కుర్సీ పే బైఠ్కే కరీ తో భీ ఖుబూల్ హోతా బోలే ఇమామ్ సాబ్" అని తనే నాకు ధైర్యం చెప్పింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇదంతా విని మా చెల్లెలు భయపడింది. "అయితే ఇక్కడ వద్దంటావా ఆపా?"

అట్లా కాదు. మన దగ్గర మంచి డాక్టర్లు ఉన్నారు. మా ఖాలా కూతురు దుబాయ్ నుంచి వచ్చి ఇక్కడే రెండు పెట్టించుకుంది, ఇప్పటికీ వేరుశెనక్కాయలు కొరుకుతుంది. ఆమె చేసిందేమంటే, ఒక ఛుట్టీలో స్క్రూలు వేయించుకుని పళ్లు లేకుండానే పోయింది, తర్వాతి ఛుట్టీలో క్యాపులు పెట్టించుకుంది. ఆ రెండు సార్లూ ఆమె ఎట్లాగూ పిల్లల్ని చూడటానికి రావాల్సిందే, కాబట్టి టికెట్లు పళ్ల ఖాతాలో పడలేదు. ఆమెకు నిజంగానే ఆదా అయింది. మాకు కాకపోవడానికి కారణం కడప కాదు, మా ముప్పై రోజులు.

కాబట్టి ఆ చెల్లెలికి చెప్పినవే మీకూ చెబుతున్నా. ముందు మూడు నెలల షుగర్ పరీక్ష చేయించండి, టికెట్ తర్వాత తీసుకోండి. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి, బీపీ మందైనా, సిగరెట్ అయినా. ధర చెప్పినప్పుడు స్క్రూ, అబట్ మెంట్, క్యాప్, స్కాన్, గ్రాఫ్ట్ ఒక్కొక్కటీ కాగితం మీద రాయించుకోండి. ఎన్నిసార్లు రావాలి, మధ్యలో ఎన్ని నెలలు అని అడగండి. ఒక్క ట్రిప్పులో అన్నీ అయిపోతాయంటే, నాకే ఎందుకు సరిపోతుందో చెప్పండని అడగండి. ఏ రోజు ఏ పన్నుకు స్క్రూ వేస్తే ఆ రోజే దాని డబ్బా మీది స్టిక్కర్, కంపెనీ పేరు, సైజు, నంబరు తీసుకోండి. ఎక్స్ రే, స్కాన్ ఫోన్ లో వేయించుకోండి. మీరు బతికే ఊళ్లో ఆ కంపెనీ పని తెలిసిన డాక్టర్ ఉన్నాడో లేదో ముందే కనుక్కోండి, ఎందుకంటే రాత్రి రెండు గంటలకు నొప్పి పుట్టేది అక్కడే. గ్యారంటీ అంటే స్క్రూకు మాత్రమేనా, టికెట్టుకూ జీతానికీ కాదు గదా అని మనసులో లెక్కేసుకోండి.

ఇంకొకటి. అన్ని పళ్లకూ ఇంప్లాంటే కావాలని లేదు. పక్క పళ్లు గట్టిగా ఉంటే బ్రిడ్జి ఉంది, తీసి పెట్టుకునే సెట్టు ఉంది. అన్నిటికంటే చవకైంది, పన్ను నొప్పి పుట్టిన మొదటి వారంలో పనాడాల్ మింగకుండా డాక్టర్ దగ్గరికి పోవడం. గల్ఫ్ లో ఉన్న మన మగవాళ్లకు ఆ సెలవు దొరకదు, దొరికినా అడగరు. ఇంట్లో ఆడవాళ్లం మనమే గుర్తుపట్టాల. వీడియో కాల్ లో చెంప మీద చెయ్యి కనిపిస్తే అలవాటని వదిలేయకండి. అడగండి. రెండోసారి కూడా అడగండి.

మా చెల్లెలు చాయ్ తాగి, కాసేపు ఆలోచించి, అక్కడే కూర్చుని మొగుడికి ఫోన్ చేసింది. "ఏమండీ, టికెట్ ఇంకా తీసుకోలేదు గదా? ముందు షుగర్ చూపించుకోండి" అంది. అవతల నుంచి ఏదో విసుగ్గా వినిపించింది. "ఊఁ, తెలుసులే. ఒకసారి కెమెరా ఆన్ చేయండి, నోరు తెరవండి, చూస్తా" అంది ఆమె.

రాత్రి భాయిజాన్ కు ఫోన్ చేసి, నీ పళ్ల సంగతి అందరికీ రాస్తున్నా, ఇజాజత్ ఉందా అని అడిగాను. నవ్వాడు. చెంప మీద చెయ్యి లేదు. "లిఖ్ మున్నీ. ఫారం మే ఝూట్ లిఖ్ఖా బోల్కే భీ లిఖ్" అన్నాడు.

రాశాను భాయ్. నేను పక్కన కూర్చుని చూశానని కూడా రాశాను.